ఈరన్న బిట్టు, మార్తమ్మ బకెట్టు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీయవద్దు: నేను పెంచి చెబుతాను. పత్తిని నొక్కి నొక్కి బేళ్లు కట్టే మిల్లులో నా ఉద్యోగమంతా గడిచింది. పొద్దస్తమానం నొక్కినదాన్ని ఇంటికొచ్చాక కాస్త ఉబ్బించుకోవడం అలవాటైపోయింది. కాబట్టి ఇందులో ఏనుగు కనబడితే దున్నపోతు అనుకోండి. దున్నపోతు కనబడితే దూడ అనుకోండి. దూడే కనబడితే మాత్రం నమ్మండి, అంత చిన్నవి నేను కల్పించను.

కరోనా పీడ వదిలాక వచ్చిన మొదటి మంచి పత్తి సీజను అది. దసరా అప్పుడే వెళ్లింది. ఆదోనిలో ఒక జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులో నేను మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. జిన్నింగ్ అంటే పత్తి నుంచి గింజను వేరుచేయడం. ప్రెస్సింగ్ అంటే ఆ దూదిని ఇనుప పెట్టెలో వేసి, ప్రెస్సుతో నొక్కి, బేలు కట్టడం. హోదా ప్రకారం నా పైన మేనేజరు, ఆయన పైన సేటు, సేటు పైన దేవుడు. సీజనులో మాత్రం దేవుడు సేటును అడక్కుండా వాన కురిపించడని మా అందరి నమ్మకం. నా కింద ఇద్దరు ఫిట్టర్లు, ఒక ఎలక్ట్రీషియను, వర్క్‌షాపులో డ్రిల్లింగ్ మిషను మీద ఈరన్న. ఆ తర్వాత కొంత కాలానికి నా మోకాళ్లు నాకంటే ముందు రిటైరైతే, వాటిని ఒంటరిగా పంపలేక నేనూ వెంట వచ్చేశాను.

ఈరన్నది గోనెగండ్ల. మొదటి బస్సుకు వచ్చేవాడు. మిల్లు గేటు ఈరన్నను చూసి తెరుచుకునేదే తప్ప గడియారాన్ని చూసి కాదు. ఆయన నడిపే డ్రిల్లింగ్ మిషను తెల్లదొరల కాలం నాటిది. దానికి ఆయన పెట్టిన పేరు అవ్వ. పొద్దున రాగానే గుడ్డతో తుడిచి, "ఏమవ్వా, నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు. స్విచ్చి వేస్తే అది దగ్గేది. "సలికాలం కదా, గొంతు పట్టింది" అని మాకు తర్జుమా చేసి చెప్పేవాడు.

సీజను మొదలైన వారంలోనే ప్రెస్సు పెట్టె తలుపుకుండే లాకు పలక పగిలింది. ఈ పలక సంగతి కాస్త చెప్పాలి. లోపల దూదిని నొక్కుతున్నప్పుడు ఆ దూది కోపమంతా తలుపు మీద చూపిస్తుంది. తలుపు విచ్చుకోకుండా పట్టేది ఈ ఉక్కు పలక, దాని బెజ్జంలో దూరే పిన్ను. బెజ్జం లేకపోతే పిన్ను లేదు, పిన్ను లేకపోతే లాకు లేదు, లాకు లేకపోతే బేలు లేదు. మా ప్రెస్సు ఎంత పాతదంటే, తయారుచేసిన కంపెనీ వాళ్లే ఫోనులో "అది ఇంకా బతికుందా?" అని అడిగారు. వాళ్లు పంపిన కొత్త పలకలో బెజ్జం మా పిన్నుకు ఎదురుగా లేదు, జానెడు దూరంలో ఉంది. వాపసు పంపితే దీపావళి దాటినా తిరిగి రాదు. గింజ తీసిన దూది షెడ్డులో కొండలా పెరుగుతోంది. నేను కొండ అన్నాను కదా, ఈసారి కొండే. ఆలూరు వైపు నుంచి వచ్చిన పత్తి ట్రాక్టర్లు గేటు దాటి, రోడ్డు దాటి, దాదాపు ఆలూరు దాకా వరసగా నిలబడ్డాయి. మేమే పలకలో కొత్త బెజ్జం వేసుకోవాలి.

ఒక బెజ్జమే కదా అనకండి. ఆ పలక గట్టిపరిచిన ఉక్కు. బాగా కాల్చి చల్లార్చి, పైపొరను గాజులాగా బిగించి ఉంటారు. మాలో ఎవరికైనా అనుమానం వస్తే ఆకురాయితో గీసి చూస్తాం. ఆకురాయి పట్టుకుంటే మెత్తన, జారిపోతే గట్టిదని లెక్క. ఈ పలక మీద ఆకురాయి జారి, నా చేయి జారి, నేను కూడా జారి గోడకు తగిలాను.

ఈరన్న మొదట మామూలు బిట్టు బిగించాడు. బిట్టు అంటే బెజ్జం వేసే మరలపుల్ల. అది పలక మీద పెట్టగానే కీచుమని ఏడ్చింది. కాసేపటికి మొన నీలంగా మారి, మొండిగా అయిపోయింది. పలక మీద మాత్రం చుక్క బొట్టు పెట్టినట్టు చిన్న మెరుపు. "పెండ్లి సూపులకు వచ్చి, బొట్టు పెట్టి పాయ" అన్నాడు ఈరన్న.

దీనికి కార్బైడ్ మొన ఉన్న బిట్టు కావాలి. కార్బైడ్ అనేది ఉక్కును కోసే ఘనురాలు, కానీ మహా పెళుసు. ఎంత గట్టి మనిషో అంత తొందరగా మనసు విరిగే రకం. రెండు బిట్లు హైదరాబాదు నుంచి బస్సులో తెప్పించాను.

మొదటిదాన్ని ఈరన్న తన అలవాటు చొప్పున నడిపాడు. ఆయన పద్ధతి ఏమంటే, హ్యాండిలు దించి కొంచెం కోస్తాడు, పైకెత్తి ఊదుతాడు, నూనె చుక్క వేస్తాడు, వంగి బెజ్జంలోకి తొంగి చూస్తాడు, అవ్వతో ఒక మాట అంటాడు, మళ్లీ దించుతాడు. మామూలు ఇనుముకు ఇది చక్కని పద్ధతి. గట్టి ఉక్కుకు ఇదే చేటు. ఎత్తి దించిన ప్రతిసారీ ఆ పెళుసు మొన వెళ్లి రాయికి తగిలినట్టు తగులుతుంది. నేను చెప్పేలోపే నాలుగోసారి తొంగి చూశాడు. టిక్కుమని చిన్న చప్పుడు. మొన అంచు రాలిపోయింది.

ఆ చప్పుడు ఆదోని అంతా వినబడిందో ఏమో, సేటు వెంటనే ప్రత్యక్షమయ్యాడు. ఆయనకు మా వర్క్‌షాపు మీద చాలా రోజులుగా కన్నుంది. ఈ మూలను ఖాళీ చేసి, పనులన్నీ బయటి షాపులకు ఇచ్చేస్తే పోతుంది కదా అనేవాడు. రాలిన మొనను గోటితో ఎత్తి చూసి, ఈరన్న వైపు చూడకుండా నాతో అన్నాడు.

"ఇంగ ఎన్ని ఉండాయి?"

"ఒకటి, సేటూ."

"అది గూడ ఇరిగితే ఈ అవ్వను స్క్రాపుకు ఏస్తా. ఈరన్నను గోనెగండ్ల బస్సు ఎక్కిస్తా. మళ్లా నన్ను అనద్దు."

అనేసి కర్నూలు వెళ్లిపోయాడు, మర్నాడు మధ్యాహ్నానికి వస్తానని. ఈరన్న గుడ్డ తీసి, తుడిచిన మిషనునే మళ్లీ తుడిచాడు. ఆయన వయసులో, అవ్వ తప్ప వేరే మిషను ముట్టని మనిషికి, ఆదోనిలో ఇంకొక చోటు దొరకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

రెండో బిట్టు బిగించే ముందు నేను పాఠం చెప్పాను. పలకను బల్లకు కదలకుండా కట్టాలి. నూనె వద్దు, నీళ్లు అసలే వద్దు, పొడిగానే కోయాలి. కాలుతున్న కార్బైడ్ మీద చల్లటిది పడితే చిట్లిపోతుంది. దించిన చేయి దించినట్టే ఉండాలి, ఎత్తకూడదు, ఆపకూడదు, తొంగి చూడకూడదు. ఈరన్న విన్నాడు. తన కళ్ల మీద తనకే నమ్మకం లేక, తల పక్కకు తిప్పుకొని మరీ హ్యాండిలు దించాడు.

ఈసారి ఉక్కు మాట విన్నది. ఎర్రగా కాలిన చిన్న చిన్న పొట్టు ఎగిరిపడటం మొదలైంది. రవ్వలు దీపావళి చిచ్చుబుడ్డిలాగా తాటిచెట్టు ఎత్తు లేచాయని రాద్దామనుకున్నాను, కానీ మా వర్క్‌షాపు కప్పు ఆరడుగుల పైన రెండు జానలే. నేను ఆనందంతో "అట్లే, అట్లే" అంటున్నాను.

ఇంతలో వాకిట్లోంచి ఒక బకెట్టు నీళ్లు గాలిలో లేచి వచ్చాయి.

ఇక్కడ మార్తమ్మ గురించి చెప్పాలి. ఆలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చే ఆడకూలీల పెద్ద ఆమె. పత్తిలో చెత్త ఏరే పని వాళ్లది. పత్తి మిల్లులో ఒక ఆచారం ఉంది. గోడ మీద రాసి ఉండదు, ఎవరూ నేర్పరు, కానీ చేరిన మొదటి రోజే ఒంటికి అంటుకుంటుంది. నిప్పురవ్వ కనబడితే ముందు నీళ్లు, తర్వాత కేక, ఆ తర్వాతే ఎవరేమిటని విచారణ. దూదికి నిప్పు తగిలితే ఆలోచించుకునే సమయం ఇవ్వదు. మార్తమ్మ వయసులో ఉండగా వేరే ఊళ్లో ఒక షెడ్డు ఆమె కళ్ల ముందే పోయింది. అప్పటి నుంచి ఆమె కుడిచేయి, మెదడు వేర్వేరు డిపార్టుమెంట్లు. సేటు అల్లుడు ఒకసారి కొత్త సూటులో వచ్చి సిగరెట్టు వెలిగిస్తే, తడిసింది సిగరెట్టు ఒక్కటే కాదు. పెళ్లిలో హారతి పళ్లెం చూసినా ఆమె చేయి చెంబు కోసం వెతుకుతుందని చెప్పుకునేవారు. చెప్పింది నేనే.

నీళ్లు పడగానే చుయ్యిమని ఆవిరి లేచింది. అవ్వ దగ్గింది. నేను తడిసిపోయాను. ఆవిరి తేలాక చూస్తే, కార్బైడ్ మొన నిలువునా చిట్లి రెండుగా ఉంది.

"రవ్వలు లేస్తా ఉంటే సూస్తా నిలబడినారే మొగోళ్లు ఇద్దరూ! ఏమి సినిమానా ఇది?" అంది మార్తమ్మ, ఖాళీ బకెట్టు నడుముకు ఆనించుకొని.

ఈరన్న గుడ్డతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా సంగతి చెప్పాడు. రెండో బిట్టు అని, సేటు మాట అని. ఆమె బకెట్టు కింద పెట్టింది.

"నేను సేటుకు సెప్తా. పోసింది నేను, ఇరగ్గొట్టింది నేను."

"వద్దక్కా. అప్పుడు నిన్ను ఆలూరు బస్సు, నన్ను గోనెగండ్ల బస్సు ఎక్కిస్తాడు. ఇద్దరం బస్టాండు దాకా మాట్లాడుకుంటా పోవాల, అంతే."

"మరి ఇప్పుడేం సేస్తావప్పా?"

దానికి జవాబు నా దగ్గర సగం ఉంది. చిట్లిన బిట్టు పనికిరాదు. కానీ మొదటి బిట్టుకు రాలింది అంచే. దాన్ని సానపట్టించవచ్చు. మామూలు సానరాయికి కార్బైడ్ లొంగదు, దానికి వేరే పచ్చరాయి కావాలి. అది ఎమ్మిగనూరులో యూసుఫ్ భాయ్ దగ్గర ఉంది. పలకనే అక్కడికి తీసుకుపోదామంటే, దాన్ని ఎత్తడానికి నలుగురు మనుషులు, దింపడానికి ఎనిమిది మంది కావాలి. పైగా భాయ్ దగ్గరున్న డ్రిల్లింగ్ మిషను మగ్గాల సామాను కోసం పెట్టుకున్న చిన్నది.

ఈరన్నను బండి మీద ఎక్కించుకొని ఎమ్మిగనూరు పోయాను. ఆ దారిలో ఉన్న గుంతల గురించి రాస్తే అది వేరే పుస్తకమవుతుంది. ఒక గుంతలో దిగినప్పుడు ఆదోనిలో వాన మబ్బు, ఎక్కేటప్పటికి ఎమ్మిగనూరులో ఎండ. ఈరన్న ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో చొక్కా జేబులోని బిట్టును పట్టుకున్నాడు. బిట్టును గట్టిగా పట్టుకున్నాడు.

యూసుఫ్ భాయ్ దుకాణం నేతగాళ్ల వీధి చివర. చుట్టూ మగ్గాలు టకటకలాడుతుంటాయి. మనిషి భారీ, మాట ఇంకా భారీ. తన పచ్చరాయి లాంటిది కృష్ణకు ఈవల లేదని కస్టమరుకు ఒకసారి, కస్టమరు విననప్పుడు రెండుసార్లు చెబుతాడు. కళ్లజోడు పెట్టుకొని బిట్టును వెలుతురుకు పట్టి చూశాడు.

"అరే ఈరన్నా, ఇది బిట్టా, కోడిపెట్టా? పొడిచి పొడిచి తీసినట్టుంది!"

"అలవాటు, భాయ్."

"అలవాటు ఇంట్ల పెట్టుకో. సూడు, మొన మీద మాల్ గోరంత మిగిలింది. ఇప్పుడు పట్టిస్తా. మళ్లా ఇరిగితే నా దగ్గర తేవద్దు, ఖబరస్తాన్‌కు తీసుకపో."

ఆయన సానపట్టినంత సేపూ ఈరన్న ఊపిరి తీసుకోలేదు. కావాలంటే మీరు మాగ్జిమమ్ అయిదు నిమిషాలు అనుకోండి. అంచు మీద వేలు ఆనించి చూసుకొని, బిట్టును ఈరన్న చేతిలో పెడుతూ భాయ్ ఒక మాట అన్నాడు: "ఇట్లాంటి పలక బజ్జీ మాదిరి. పైన పెంకు, నడిమధ్య మెత్తన, కింద మళ్లా పెంకు. మెత్తన వచ్చినాక ఖుషీలో చెయ్యి బరువేస్తావు సూడు, ఆడ్నే పోతాది." ఈ సంగతి నాకూ తెలుసు. తెలుసని భాయ్‌తో అన్నాను కూడా. ఆయన పట్టించుకోలేదు, పక్కనున్న నేతగాడికి పచ్చరాయి గొప్ప మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున అసలు చిక్కు వచ్చింది. రవ్వలు మళ్లీ లేస్తాయి. మార్తమ్మ అక్కడే ఉంటుంది. ఆమెను ఆ పూటకు ఇంటికి పొమ్మని మేనేజరు సలహా. నేను ఆమెను పిలిచి అడిగాను, దూరంగా ఉంటావా అని.

"దూరంగా ఉంటే ఇంకా కష్టం సారూ. యాడ్నో వాసన తగిలితే ఉరికొస్తా. నా సెయ్యి నా మాట ఇనదు" అంది. మళ్లీ తనే, "నన్ను లోపలే నిలబెట్టండి. యాడ రవ్వ లేస్తాదో, యాడ పడతాదో నాకు ముందే సెప్పండి. బకెట్టు మాత్రం ఇడవను" అంది.

న్యాయమైన మాట. సీజను పనిలో గట్టి ఉక్కును పొడిగా కోయాలంటే అసలు ముందు చేయవలసిందీ అదే. ఆమె, ఆమె మనుషులు వర్క్‌షాపులో ప్రతి మూలా ఊడ్చి దూది నలుసు లేకుండా చేశారు. అవ్వ చీలికల్లోంచి తీసిన దూదితో ఒక పరుపు కుట్టవచ్చు. వాకిలికి తడిపిన గోనెపట్టలు కట్టారు, నేలంతా తడిపారు. నేను గాలి పైపుతో నిన్నటి బెజ్జంలోంచి పగిలిన మొన ముక్కలు ఊదేశాను. అవి లోపలుంటే కొత్త అంచు ముందు వాటితోనే కొట్లాడాల్సి వస్తుంది. పలక కింద మెత్తని ఇనుప పలక ఒకటి ఆనించి రెండింటినీ కలిపి బిగించాం. బిట్టు అవతలి పెంకు చీల్చుకొని బయటపడే క్షణంలో కింద ఆసరా లేకపోతే గుభేలుమని జారి మొన పోతుంది.

మార్తమ్మ మూడడుగుల దూరంలో బకెట్టు పట్టుకొని నిలబడింది. "ఈరన్నా, నీ సెయ్యి నువ్వు సూసుకో. నా సెయ్యి నేను సూసుకుంటా" అంది.

ఈరన్న స్విచ్చి వేశాడు. హ్యాండిలు దించాడు.

ఎర్రటి పొట్టు లేచింది. మార్తమ్మ భుజం ఒక్కసారి ఎగిరింది. బకెట్టులో నీళ్లు అంచుదాకా వచ్చి, వెనక్కి పోయాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, తిట్లో తెలియదు, రెండూ అయి ఉండవచ్చు. ఈరన్న చూపు బెజ్జం వైపు పోతోంది. మెడ వంగుతోంది, మళ్లీ తనే నిలబెట్టుకుంటున్నాడు. తొంగి చూడకుండా ఉండటం ఆయనకు, నీళ్లు పోయకుండా ఉండటం ఆమెకు పరీక్ష. ఆ ఇద్దరి మధ్య నేను ఏ పనీ లేకుండా నిలబడి, ఆ ఇద్దరికంటే ఎక్కువ చెమట కార్చాను. ఆ చెమటతోనే ఇంకో షెడ్డు మంటను ఆర్పవచ్చు.

అవ్వ గొంతు మారింది. కీచు పోయి గురక వచ్చింది. పెంకు దాటి మెత్తని భాగంలోకి దిగాం. నేను నోరు తెరిచేలోపు ఈరన్నే అన్నాడు, తనతో తనే: "ఖుషీ వద్దు, ఖుషీ వద్దు." చేతి బరువు పెంచలేదు, తగ్గించలేదు.

మళ్లీ కీచు మొదలైంది. కింది పెంకు. సుడి తిరిగిన ఎర్రటి పొట్టు ఒకటి ఎగిరి వచ్చి మార్తమ్మ కొంగు మీద పడింది. నేను చూశాను, ఈరన్న చూశాడు. ఆయన హ్యాండిలు ఎత్తబోయాడు.

"నువ్వు పని సూడప్పా!" అని కసిరింది ఆమె. కుడిచేయి బకెట్టు వదలలేదు. ఎడమచేత్తో తడి గోనెపట్ట లాగి కొంగు మీద అదిమింది. పొగ వచ్చి ఆగిపోయింది. బకెట్టులో నీళ్లు బకెట్టులోనే ఉన్నాయి.

ఆ తర్వాత చప్పుడు సాఫీ అయింది, అంటే బిట్టు పెంకు దాటి కింద ఆనించిన మెత్తని ఇనుములోకి దిగింది. ఈరన్న ఆపలేదు. ఆపొద్దని నేనే కదా చెప్పింది. పొడవాటి మెత్తని చుట్టలు రావడం మొదలుపెట్టాక కూడా మొహం బిగించి, తల పక్కకు తిప్పుకొని అదే బరువుతో దించుతూనే ఉన్నాడు.

"ఇంగ ఆపప్పా సామీ, బల్లకు గూడ తూటు పడతాది!" అంది మార్తమ్మ.

హ్యాండిలు పైకి లేచింది. బిట్టు మొన గోరంత ఉన్నది గోరంతగానే ఉంది. పలకలో బెజ్జం గుండ్రంగా, శుభ్రంగా. ఈరన్న అప్పుడు వంగి, తృప్తిగా, ఎంతసేపు కావాలంటే అంతసేపు తొంగి చూశాడు.

మధ్యాహ్నం సేటు వచ్చేసరికి ప్రెస్సు మీద పలక ఎక్కి ఉంది. పిన్ను దూరి, తలుపు బిగిసి, మొదటి బేలు బయటకు వస్తోంది. సేటు ఆ బెజ్జం చూసి, ఈరన్న భుజం మీద చేయి వేసి, అందరూ వినేలా "ఈరన్నా, నువ్వు లేకుంటే ఈ మిల్లు లేదప్పా" అన్నాడు. వర్క్‌షాపు మూల గురించి మళ్లీ మాట్లాడలేదు. అవ్వ ఇప్పటికీ అక్కడే దగ్గుతోంది.

ఈ పని నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను. గట్టి ఉక్కులో బిట్టు విరిగేది ఉక్కు గట్టిగా ఉన్నందుకు కాదు. చేయి ఆగినప్పుడు, చేయి సంతోషపడినప్పుడు, చల్లటిది మీద పడినప్పుడు. మొదటి రెండూ పనివాడి చేతిలో ఉన్నాయి. మూడోది పక్కన నిలబడ్డవాళ్ల చేతిలో ఉంది. కాబట్టి స్విచ్చి వేసే ముందు, ఏం జరగబోతోందో పక్కవాళ్లకు చెప్పాలి. ఫోర్‌మన్ అనేవాడు ఉండేది అందుకే.

ఇక ఒప్పుకోలు. ఆలూరు దాకా ట్రాక్టర్లు, దూది పరుపు, నా చెమట, ఇవన్నీ మీరే తగ్గించుకుని ఉంటారు. బకెట్టు, తడి గోనెపట్ట, కొంగు మీద ఎర్రటి పొట్టు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను. పూర్తిగా కల్పించింది ఒక్కటే, సేటు మెచ్చుకున్న మాట. సేటు ఆ రోజు బెజ్జంలో వేలు పెట్టి తిప్పి చూశాడు, "బేళ్లు తొందరగా కట్టండి" అన్నాడు, కారెక్కి వెళ్లిపోయాడు. ఇది రాస్తున్నానని చెప్పడానికి ఈరన్నకు ఫోను చేస్తే, అంతా విని, "సారూ, సేటు ఏమన్నా అన్నట్టు ఒక మాట ఏస్కో, పోయేదేముంది" అన్నాడు. వేశాను.